హనుమకొండలో చెవి మిషన్ కొనబోయేవాళ్లు ఆగండి, ముందు ఇది చదవండి

65,000 రూపాయలు. జత చెవి మిషన్లకు అనుకుని కట్టాను. నా తెలివితక్కువతనానికి జరిమానా అని ఇప్పుడు అర్థమైంది.

షాపు పేరు రాయను. ఉచిత వినికిడి పరీక్ష అంటూ ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకున్నవాళ్లే. మెట్లెక్కి వెళ్లినవాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కాజీపేటలో కిరాణా దుకాణం. వయసులో ఉన్నప్పుడు పదకొండేళ్లు మరమగ్గాల మధ్య పని చేశాను, చెవులు అక్కడే పోయాయి. గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. శనగపప్పు అడిగినా పెసరపప్పు అడిగినా నా దాకా వచ్చేది చివరి 'పప్పు' ఒక్కటే. మిగతాది పెదవులు చూసి పట్టుకుంటాను. ఏళ్ల తరబడి గల్లాపెట్టె ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది.

పోయిన నెల ఒక్కణ్ణే వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు, సిగ్గు. పరీక్ష అయిదు నిమిషాల్లో ముగించారు. తలుపు బార్లా తెరిచి ఉంది, నెత్తిన ఫ్యాన్ తిరుగుతోంది, కింద ఆటోల హారన్లు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. కానీ డెమో మిషన్ పెట్టారు కదా, అదీ నా కొంప ముంచింది. అది పెట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లి వచ్చాను. నా చెప్పుల చప్పుడు నాకు వినబడింది! జేబులో సరుకుల చీటీ గరగరమంది. కళ్లు తుడుచుకుంటూ పైకి వచ్చాను. కళ్లు తుడుచుకునేవాడితో బేరం ఎంత సులువో వ్యాపారం చేసే నాకు తెలియదా?

జత 58,000. పైన 18 శాతం జీఎస్టీ అని 10,440. "మీకోసం అంకుల్" అని షాపాయన 3,440 తగ్గించి 65,000 చేశాడు. చేతికి ఇచ్చింది అసలు బిల్లు కాదు, ఎస్టిమేట్ కాగితం. వరంగల్ బీట్ బజార్‌లో బెల్లం దిమ్మలు దింపించుకున్నా బిల్లు రెండుసార్లు చూసే మనిషిని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చెవి మిషన్‌కు అసలు జీఎస్టీ లేదని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

నాలుగు రోజులకు వచ్చిన జత పెట్టుకుంటే చప్పుళ్లన్నీ పెరిగాయి, మాట మాత్రం రాలేదు. డబ్బా మూత తీస్తే పిడుగు. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వేస్తే చెవిలో మేకు దిగినట్టే. 'పప్పు' ఇంకా గట్టిగా వినబడింది, ఏ పప్పో మాత్రం తెలియలేదు. వెళ్లి అడిగితే అలవాటు పడాలన్నారు. అలవాటుకు కొన్ని వారాలు పడుతుందనేది నిజమే, అందుకే నోరు మూసుకుని వచ్చాను. రెండోసారీ అదే మాట.

మూడోసారి పోయిన శుక్రవారం వెళ్లాను. షాపాయన రెండు మిషన్లూ తీయించి ట్రేలో పెట్టాడు. చెవుల్లో ఏమీ లేదు. నా ఎదురుగానే నిలబడి, నన్ను చూసి నవ్వుతూనే, కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడితో మాట్లాడాడు. పక్కకు తిరగను కూడా లేదు. "చెవిటాయనకు ఏం తెలుస్తది, రెండు పాయింట్లు పెంచి పంపియ్."

ఒక్క అక్షరం చెవికి అర్థం కాలేదు. మొత్తం చదివాను. 'చెవిటి' అన్న మాట పెదవుల మీద ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఇంతకుముందు చాలామంది నోళ్ల మీద చూశాను.

ఇంతకీ నేనేం చేశానో తెలుసా? కుర్రాడు మిషన్లు తెచ్చి ఇస్తే తీసుకుని "థ్యాంక్స్ బాబూ" అన్నాను. అంతే. మెట్ల మలుపులో కాళ్లు వణికితే గోడ పట్టుకుని నిలబడ్డాను. అడగాల్సిన మాటలన్నీ రాత్రి పక్క మీద గుర్తొచ్చాయి.

ఇంట్లో చెప్పక తప్పలేదు. మా అమ్మాయి వచ్చి హైదరాబాద్‌లో ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి పరీక్షల నిపుణుడికి, చూపించింది. అక్కడ శబ్దం రాని గది, చెవి వెనక ఎముక మీద కూడా పరికరం పెట్టి పరీక్ష, ముప్పావు గంట పట్టింది. నాకు పోయింది సన్నటి కీచు స్వరాలట, 3000, 4000 హెర్ట్జ్ దగ్గర. స, ష, చ లాంటి అక్షరాల పదును ఆ పై స్వరాల్లోనే ఉంటుందట. లావు స్వరాలు దాదాపు బాగానే ఉన్నాయి. ఈ మహానుభావుడు అన్నిటినీ ఒకే లెక్కన పెంచి, రెండు చెవులకూ ఒకటే సెట్టింగు పెట్టాడు. చక్కెర అడిగినవాడికీ ఉప్పు అడిగినవాడికీ ఒకటే పొట్లం కట్టినట్టు. అంతటితో అయిపోలేదు. మిషన్ మీద సీరియల్ నంబర్ ఒకటి, వారంటీ కార్డు మీద ఇంకొకటి. చీమ తలకాయంత అంకెలు, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేస్తే తప్ప కనబడవు.

వాట్సాప్‌లో అడిగితే, అంకుల్ కాస్తా పెద్దాయన అయ్యాను. "పెద్దాయనా, అమ్మిన సరుకు వాపసు లేదు." పావుకిలో శనగపిండిలో పురుగు కనబడితే నేను మార్చి ఇస్తాను. 65,000కు ఆ మర్యాద లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయమన్నారు. ఫోన్‌లో వినబడకనే కదా ఈ గోలంతా! మా అమ్మాయే చేసి ఫిర్యాదు రాయించింది.

వెళ్లేవాళ్లు ఇంట్లోవాళ్లను ఒకరిని తీసుకుని వెళ్లండి. పరీక్ష చేసేవాళ్ల ఆర్సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, సీరియల్ నంబర్ వేసిన అసలు బిల్లు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, సర్కారుదే. నేను ముందే అక్కడికి వెళ్లాల్సింది, రైలు కూడా కాజీపేట నుంచే. ఎస్టిమేట్ కాగితం, కార్డు నా దగ్గరే ఉన్నాయి, చూడాలంటే ఫోటోలు పంపుతాను. ఫోన్ మాత్రం చేయకండి, మెసేజ్ పెట్టండి.