పాపిట వెడల్పు: మినాక్సిడిల్‌తో రెండున్నరేళ్లు

2022 ఆగస్టులో నాకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. దసరాకు జుట్టు బాగానే ఉంది. సద్దుల బతుకమ్మ రోజు జడ నిండా పూలు పెట్టుకుని హనుమకొండలో ఆడి వచ్చాను. కార్తీకంలో మొదలైంది. తలస్నానం చేస్తే బాత్రూం జాలీ మీద గుప్పెడు, దువ్వెనలో గుప్పెడు, చపాతీ పిండిలో ఒకటి, బడిలో దిద్దుతున్న పిల్లల నోటుబుక్కుల మీద నాలుగు. జడకు మూడు చుట్లు తిరిగే రబ్బరుబ్యాండు సంక్రాంతికి ఐదు చుట్లు తిప్పినా జారిపోయేది.

మా అమ్మ రాలిన వెంట్రుకలు పారేయదు. ఉండ చుట్టి తలుపు వెనక మేకుకు వేలాడే కవర్లో దాస్తుంది. "ఎంటికలకు గిన్నెలిస్తం" అని అరుస్తూ వచ్చేవాళ్లకు ఇస్తుంది. ఏడాదికి నిండే కవరు ఆసారి మూడు నెలల్లో నిండింది. గిన్నెలామె వాకిట్లోకొచ్చి అడిగినా అమ్మ ఇవ్వలేదు. "బిడ్డ నెత్తి గిట్లైతుంటే గిన్నెలేం జేసుకోవాలె" అని కవరు మళ్లీ మేకుకే తగిలించింది.

2023 జూలై నుంచి ఇప్పటిదాకా జుట్టు కోసం తలకు రాసుకున్న మినాక్సిడిల్ అనే మందు గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ దానికి ముందు వృథా అయిన ఎనిమిది నెలల గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు.

ఆ ఎనిమిది నెలలూ చెప్పినవాళ్లు చెప్పినట్టు చేశాను. ఉల్లిరసం, కలోంజీ నూనె, కరివేపాకు కాచిన కొబ్బరినూనె, మెంతుల ముద్ద. బోరునీళ్ల వల్లేనన్నారు, మిషన్ భగీరథ నీళ్లు పట్టి పోసుకున్నాను. హెల్మెట్ వల్లన్నారు, నాలుగు రోజులు స్కూటీ మీద హెల్మెట్ లేకుండా బడికి వెళ్లాను. ఆ పని ఎవరూ చేయొద్దు. హెల్మెట్‌తో జుట్టు కుదుళ్లకేమీ కాదు, లేకపోతే ప్రాణానికే ముప్పు. ఫిబ్రవరిలో రాలడం కాస్త తగ్గింది. అప్పుడు వాడుతున్నది కలోంజీ నూనె కాబట్టి దాని గొప్పతనమే అనుకుని మా స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. అది తప్పని తర్వాత తెలిసింది. జ్వరం వల్ల మొదలైన రాలుడు మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గే వేళకు చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి వస్తుంది.

రాలడం తగ్గినా పాపిట పూడలేదు. కుంకుమ పెట్టుకుంటే గీతలా ఉండాల్సింది వెడల్పుగా పరుచుకునేది. భయం పట్టుకుని ఒక హెయిర్ క్లినిక్‌కు వెళ్లాను. తలమీద చిన్న కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూపించి, కుదుళ్లు చచ్చిపోతున్నాయని చెప్పి, ఒక్క రక్తపరీక్ష కూడా రాయకుండా ఎనిమిది సిట్టింగులకు 38 వేల ప్యాకేజీ చెప్పారు. 12 వేలు కట్టాను. రెండు సిట్టింగులయ్యాక ఆపేశాను. డబ్బు తిరిగి రాలేదు.

జూన్‌లో స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ముందే వెళ్లాల్సింది. డబ్బుకు ఇబ్బందయితే వరంగల్‌లోని ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, అక్కడికైనా వెళ్లాల్సింది. ఏం నూనె రాస్తున్నావని మేడమ్ అడగలేదు. "రాలడం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు ఒంట్లో ఏం జరిగింది?" అని అడిగారు. డెంగీ అన్నాను. యాభై అరవై వెంట్రుకలున్న పాయను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా చివరిదాకా లాగారు. మూడే వచ్చాయి. ఆరు దాటితే ఇంకా రాలుడు నడుస్తున్నట్టట. ఊడిన ఒక వెంట్రుకను తెల్లకాగితం మీద పెట్టి చూపించారు. కొసన ఆవగింజలో పావు వంతు కూడా లేని తెల్లటి బుడిపె. అది ఉంటే కుదురు విశ్రాంతిలోకి వెళ్లి వదిలేసిన వెంట్రుక. బుడిపె లేకుండా రెండు వైపులా ఒకేలా ఉంటే మధ్యలో తెగింది. బోరునీళ్లలోని ఉప్పు వల్ల, వేడి వల్ల, గట్టిగా దువ్వడం వల్ల అలా తెగుతుంది, ఊడదు. రాలిన వెంట్రుక కొస చూడాలని అప్పటిదాకా నాకు తెలియదు.

ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి, రాలిపోతుందట. అందుకే రోజుకు 50 నుంచి 100 రాలినా భయం లేదు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం లాంటివి జరిగితే పెరుగుతున్న కుదుళ్లలో చాలా కుదుళ్లు ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్తాయి. మూడు నెలల తర్వాత ఆ వెంట్రుకలన్నీ కలిసి రాలతాయి. కుదురు మాత్రం చావదు.

నా విషయంలో దాని కింద ఇంకొకటి దాగుంది. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో పాపిట చూపించారు. ఒకే చోట దారం లాంటివి, పట్టుపోగు లాంటివి, నూగు లాంటివి పక్కపక్కనే ఉన్నాయి. వంశపారంపర్యంగా వచ్చే పలచబాటు గుర్తు అదేనట. కుదుళ్లు ఏటేటా చిన్నవై సన్నటి వెంట్రుకలే ఇస్తాయి. ఇంటికొచ్చి అమ్మ పాపిట చూశాను, అచ్చం నాదే. 2019 పెళ్లి ఆల్బమ్ తీస్తే అందులోనే మొదలై ఉంది. డెంగీ దాన్ని బయటపెట్టిందంతే. ఒకటి దానంతటదే పోయేది, రెండోది మందు లేకుండా ఆగనిది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే ఆ 12 వేలూ, ఎనిమిది నెలలూ నాకు మిగిలేవి.

రక్తపరీక్షల్లో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే లెక్క, 9 వచ్చింది, బాగా తక్కువ. హిమోగ్లోబిన్ 11.2, కొంచెమే తక్కువ కాబట్టి అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదు. నెలసరిలో ఎక్కువ పోతుందని ఏళ్లుగా తెలిసినా దాన్ని జుట్టుతో ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. థైరాయిడ్ రిపోర్టు ఇంకో గొడవ తెచ్చింది. అందులో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా తక్కువగా వచ్చింది, నాకేమో ఏ లక్షణమూ లేదు. జుట్టుకని అమ్మే విటమిన్ బయోటిన్ మింగుతున్నావా అని మేడమ్ అడిగారు. నాలుగు నెలలుగా రోజుకు 10 మిల్లీగ్రాములు మింగుతున్నాను. అది కొన్ని థైరాయిడ్ పరీక్షల లెక్క తప్పించేస్తుందట. వారం ఆపి మళ్లీ చేయిస్తే మామూలుగా వచ్చింది. లోపం లేనివాళ్లకు బయోటిన్‌తో జుట్టు పెరుగుతుందనే ఆధారం లేదని కూడా అప్పుడే తెలిసింది. బయోటిన్ గమ్మీలు తింటున్నవాళ్లు రక్తం ఇచ్చేముందు ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.

ఐరన్ మాత్ర ఆరు నెలలు వేసుకున్నాను. మలం నల్లగా వస్తుంది, కంగారుపడొద్దు. మలబద్ధకం నిజంగా బాధపెట్టింది. ఛాయ్‌తో పాటు వేసుకుంటే ఒంటికి పట్టదు. పొద్దున ఛాయ్ మానడం నావల్ల కాలేదు, అందుకని మాత్రను సాయంత్రం బడి నుంచి వచ్చాక నిమ్మకాయ నీళ్లతో వేసుకున్నాను. డిసెంబర్‌కు ఫెరిటిన్ 46. నీరసం ముందు పోయింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. జుట్టు సంగతి అంత తొందరగా తేలలేదు.

ఇక మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందు చేశారు. 1988లో అమెరికాలో మగవాళ్లకు అనుమతి వచ్చింది. నాకు 5 శాతం ద్రావణం రాత్రిపూట ఒక మిల్లీలీటరు రాయమన్నారు. నేను చేసిన మొదటి తప్పు, మందును జుట్టు మీద పోయడం. జుట్టుకు పోస్తే దండగ. పాపిట తీసి, డ్రాపర్‌తో చర్మం మీద చుక్కలు వేసి, వేలితో పరిచి, వేలిమందం పక్కన ఇంకో పాపిట తీయాలి. ఐదు నిమిషాలు పడుతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు పిల్లులకు విషం.

మూడో వారం నుంచి మళ్లీ విపరీతంగా రాలింది. మేడమ్ ముందే చెప్పారు, పాత వెంట్రుకను తోసుకుని కొత్తది వస్తుందని. చెప్పినా ఏడుపు ఆగలేదు. అమ్మ "బంద్ జెయ్ బిడ్డా, ఉన్నది గూడ పోతది" అంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. నేనూ సీసా బీరువా మీద పెట్టేసి, మేడమ్‌కు ఫోన్ చేసి మాట్లాడాక రాత్రికి మళ్లీ దింపాను. ఎనిమిదో వారం దాటాక తగ్గింది.

నాలుగో నెలదాకా ఏమీ కనిపించలేదు. ఐదో నెలలో నుదుటి పైన అర అంగుళం వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. నూనె రాసినా లొంగేవి కాదు. అవి చూసిన రోజు అమ్మను కిటికీ దగ్గరికి పిలిచి చూపించాను. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో పాపిట ఫోటో తీసుకునేదాన్ని. అద్దంలో తెలియని తేడా అందులో తెలిసింది. ఏడాదికి పాపిట సగానికి తగ్గింది. పెళ్లికి ముందున్నంత ఒత్తు రాలేదు, వస్తుందని మేడమ్ ఎప్పుడూ చెప్పలేదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. రెండో నెలకే నెత్తి దురద, పొట్టు. ద్రావణంలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి పడదట. అది లేని, నురగలా వచ్చే ఫోమ్‌కు మారాక పోయింది, ఖర్చు పెరిగింది. చెంపల మీద నూగు ముదిరింది. తడి ఆరకముందే పడుకుంటే దిండు మీంచి ముఖానికి అంటుతుందని, పడుకోవడానికి రెండు గంటల ముందు రాయడం మొదలుపెట్టాను. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 2024 ఏప్రిల్, మేలో చెల్లి పెళ్లి పనుల్లో పడి మానేశాను. ఆగస్టులో దానికి మూల్యం చెల్లించాను, జడ మళ్లీ సన్నబడింది. తిరిగి మొదలుపెట్టి అక్కడిదాకా రావడానికి ఆరు నెలలు పట్టింది. వాడినన్నాళ్లే పనిచేసే మందు ఇది. ఏళ్ల తరబడి నెలనెలా డబ్బు పెట్టగలమా అని సీసా కొనే ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

అందరికీ ఇదే మందని అనుకోవద్దు. నిరుడు కాన్పయిన మూడో నెలలో చెల్లికి రాలడం మొదలై నా ఫోమ్ అడిగింది, ఇవ్వలేదు. కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ ఇది వాడకూడదు, పైగా కాన్పు తర్వాత రాలింది చాలామందికి ఏడాదిలోపు తిరిగొస్తుంది. చెల్లికీ అలాగే వచ్చింది. పరకాలలో మా అక్క కొడుక్కు రూపాయి బిళ్లంత మేర జుట్టు నున్నగా పోయింది. పేనుకొరుకుడని నల్లజీడి రుద్దారు, బొబ్బలెక్కి పుండైంది. దానికీ పేలకూ సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. డాక్టర్ మచ్చలోకి సూదిమందు వేశారు, నాలుగు నెలల్లో జుట్టు వచ్చింది. పుండైన చోట మాత్రం మరక మిగిలింది. ఆ పిల్లవాడి తల చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

డిసెంబర్‌లో మేడమ్ దగ్గరికి వెళ్తే డెర్మోస్కోప్ ఫోటోలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూపించారు. నూగు లాంటివి తగ్గి దారం లాంటివి పెరిగాయి. రోజూ రాయడం విసుగైతే తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర ఉందన్నారు. నాకు మామూలుగానే బీపీ తక్కువ, ఎండాకాలంలో కళ్లు తిరుగుతాయి. అందుకని ఇద్దరం మాట్లాడుకుని ఫోమే కొనసాగిద్దాం అనుకున్నాం. ఫెరిటిన్ మళ్లీ 28కి దిగింది, నెలసరి సంగతి చూపించుకోమని గైనకాలజిస్ట్‌కు రాసిచ్చారు. వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది.