ఫీనిక్స్ గార్డ్సా, కార్డినల్స్ బ్లేడ్సా: ముందు ఏది చదవాలి?

అలెగ్జాండర్ డ్యూమా ‘త్రీ మస్కెటీర్స్’ పూర్తి చేసినవాళ్లు తరచూ అడిగేది ఒకటే: అదే కత్తిసాము, అదే స్నేహం, వాటికి తోడు మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న నవల ఏది? నేనైతే రెండు పేర్లు చెప్తాను. ఒకటి స్టీవెన్ బ్రస్ట్ రాసిన ‘ది ఫీనిక్స్ గార్డ్స్’ (1991). రెండోది ఫ్రెంచి రచయిత పియర్ పెవెల్ రాసిన ‘ది కార్డినల్స్ బ్లేడ్స్’ (ఫ్రెంచిలో 2007, ఇంగ్లీషులో 2009).

పెవెల్ కథ 1633 నాటి పారిస్‌లోనే నడుస్తుంది. డ్యూమా నవలలో కుట్రలు పన్నిన కార్డినల్ రిషల్యూ, ఫ్రాన్స్ రాజు మంత్రి, ఇక్కడ కథానాయకులకు యజమాని. లా రొషెల్ ముట్టడి తర్వాత రద్దు చేసిన రహస్య దళాన్ని ఐదేళ్లకు మళ్లీ పిలిపిస్తాడు. ఆ దళంలో ఒకడైన లెప్రా చేతిలో కత్తి డ్రాగన్ కోరతో చెక్కింది, పాలలా తెల్లగా ఉంటుంది. అధ్యాయాలు చిన్నవి, కథ పరుగెడుతుంది. చిక్కల్లా దళం కూడేదాకానే: ఒక్కొక్కరినీ విడివిడిగా పరిచయం చేస్తాడు కాబట్టి పేర్లు కలగాపులగమైపోతాయి. లా ఫార్గ్, మార్సియాక్, లెప్రా, ఆన్యెస్, సాంలూక్... ఎవరు ఎవరో ఒక చీటీ మీద రాసుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

బ్రస్ట్‌ది పూర్తిగా వేరే లోకం. అక్కడివాళ్లు వేల ఏళ్లు బతుకుతారు. అందుకే డ్యూమా మస్కెటీర్ల రెండో నవల ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అయితే, బ్రస్ట్‌ది ‘ఐదు వందల ఏళ్ల తర్వాత’ (1994). డ్యూమా నలుగురు వీరుల్లో దార్తన్యాఁ చోట ఖావ్రెన్, అథోస్ చోట ఎరిచ్, అరమిస్ చోట పెల్ ఉంటారు. పోర్తోస్ చోట టజెండ్రా అనే ఆడమనిషి. ఆడవాళ్లు కత్తి పట్టడం అక్కడ ఎవరికీ వింత కాదు.

నా దృష్టిలో తేల్చేది మాట. డ్యూమాను నిలబెట్టింది కత్తి ఒక్కటే కాదు. దూసే ముందు నడిచే సంభాషణ, మధ్యలో తలదూర్చి పాఠకుడితో మాట్లాడే కథకుడు. పెవెల్ ఆ కాలాన్ని తెచ్చాడు గానీ ఆ గొంతు తేలేదు. ఆయన వాక్యం ఈనాటి థ్రిల్లర్ వాక్యం. బ్రస్ట్ మాత్రం పార్ఫీ అనే డాంబిక చరిత్రకారుణ్ణి సృష్టించి కథంతా అతనిచేత చెప్పించాడు. సంభాషణల ధోరణి ఇలా ఉంటుంది:

“మీకో సంగతి చెప్పాలి.”
“చెప్పండి, వింటాను.”
“చెప్పమంటారా?”
“ఇందాకటి నుంచి అదేగా అడుగుతున్నాను!”

చాలామంది మొదటి యాభై పేజీల్లో పుస్తకం మూసేసేది ఇక్కడే. కథ ఎప్పుడు కదులుతుందా అని చూస్తే విసుగే. రెండు మూడు సంభాషణలు పైకి చదవండి, లయ దొరుకుతుంది. ఆ తర్వాత ఆ సాగదీతే రుచి. నా ఓటు బ్రస్ట్‌కే. డ్యూమాలో కూడా సంభాషణలు దాటేసి పోట్లాటల కోసం పేజీలు తిప్పినవాళ్లకు మాత్రం పెవెల్ మేలు.

సెబాస్టియన్ డి కాస్టెల్ ‘ట్రైటర్స్ బ్లేడ్’ (2014) కూడా అడుగుతారు. ద్వంద్వ యుద్ధాలు బాగుంటాయి, నాలుగు పుస్తకాల్లో ముగుస్తుంది, కానీ డ్యూమా వాసన తక్కువ.

బ్రస్ట్ వరస: ‘ఫీనిక్స్ గార్డ్స్’, ‘ఫైవ్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్టర్’, తర్వాత మూడు భాగాల ‘వైకౌంట్ ఆఫ్ ఎడ్రిలాంకా’ (2002–2004). అదే లోకంలో నడిచే ఆయన వ్లాడ్ టాల్టోస్ సిరీస్ ముందు చదవాల్సిన పని లేదు. డ్యూమాదే మరో నవల ‘మాంటీ క్రిస్టో’ నమూనాలో రాసిన ‘ది బారన్ ఆఫ్ మ్యాజిస్టర్ వ్యాలీ’ (2020) విడి కథ, ఎప్పుడైనా చదవొచ్చు.