క్యాప్టర్: ఆంప్‌ని గట్టిగా మోగిస్తూనే శబ్దం తగ్గించే పెట్టె

నా గిటార్ ఆంప్ 20 వాట్లది, వెనక రెండు 6వీ6 పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపేవి ఇవే). 20 వాట్లే కదా, ఇంట్లో వాయించుకోవచ్చులే అనుకున్నా. వాల్యూమ్ 3 దాకా శుభ్రంగా క్లీన్, 6 దాటాకే అసలు మజా, కానీ అప్పటికి కిటికీ అద్దాలు కూడా నాతో పాటు మోగుతుంటాయి. మాస్టర్ (చివరి వాల్యూమ్) తగ్గించి గెయిన్ పెంచితే వచ్చేది ప్రీఆంప్ డిస్టార్షన్, అంటే పవర్ ట్యూబులకు ముందు దశలోనే పుట్టే గరగర, కందిరీగ రొదలా సన్నగా ఉంటుంది. పిక్ గట్టిగా తగిలితే గరగర, మెల్లగా తాకితే క్లీన్ అనే ఆ తీరు రావాలంటే పవర్ ట్యూబులు కష్టపడాల్సిందే.

ముందు ఒక చవక అటెన్యుయేటర్, అంటే ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి శబ్దం తగ్గించే పెట్టె, వాడాను (పేరెందుకులే). లోపల రెసిస్టర్లే, ఆంప్ మీద దుప్పటి కప్పినట్టు వినిపించేది. స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసున్నా అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా అది 8 కాదు, బేస్‌లో ఒకచోట బాగా లేస్తుంది, ట్రెబుల్ వైపు మళ్లీ పెరుగుతుంది, ట్యూబ్ ఆంప్ టోన్ దాన్నిబట్టి మారుతుంది. టూ నోట్స్ కంపెనీ వాళ్ల క్యాప్టర్ కూడా అలాంటి పెట్టే, కానీ రియాక్టివ్ లోడ్, అంటే ఆంప్ పవర్‌ని తాను మింగుతూ స్పీకర్‌లాగే ఎగుడుదిగుడుగా నడుచుకుంటుంది. తేడా మొదటి కార్డ్‌కే తెలిసిపోయింది.

అయితే దీనికి తిప్పుకునే నాబ్ లేదు. స్పీకర్ అవుట్‌లో తగ్గేది 20 డెసిబెల్స్, అంతే. లెక్క వేస్తే 20 వాట్లు కాస్తా 0.2 వాట్లు అవుతుంది, వినడానికి ఎంత చిన్నగా ఉంటుందో అనిపిస్తుంది గానీ, నా క్యాబ్‌లో (స్పీకర్ పెట్టెలో) ఉన్న వింటేజ్ 30 స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇచ్చే రకం, కాబట్టి ఫుల్‌గా తెరిస్తే ఇంకా 93 డెసిబెల్స్ దాకా వస్తుంది. గదిలో మాట్లాడాలంటే అరవాలి! పగలు ఓకే. రాత్రికి కాదు.

ఇంకా తగ్గించాలని మాస్టర్ సగానికి దించి, ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ బాగా పైకి పెట్టి వాయిస్తున్నా. 80 శాతం అదే అనుభూతి. మిగతా 20 ఏ పెట్టే ఇవ్వలేదేమో, ఎందుకంటే గట్టిగా వాయించినప్పుడు స్పీకర్ కోన్ కూడా కాస్త గరగరలాడుతుంది, పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవికే బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఆంప్‌లో బేస్ కొంచెం పెంచుకుంటే కొంత సర్దుకుంటుంది.

రాత్రిళ్లు క్యాబ్ పీకేసి, లైన్ అవుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి ఇచ్చి, కంప్యూటర్‌లో క్యాబ్ ఐఆర్ (స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే ఫైల్) పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వాయిస్తాను. లోడ్ ఇదే కాబట్టి క్యాబ్ లేకపోయినా ఆంప్‌కి ప్రమాదం లేదు. నిజం చెప్పాలంటే నాకు ఈ వాడకమే ఎక్కువైంది.

కొనేముందు మీ ఆంప్ అవుట్‌పుట్ ఎన్ని ఓమ్స్‌దో చూసుకుని ఆ మోడలే తీసుకోండి, నాది 8. పరిమితి 100 వాట్లు. ఆంప్ నుంచి దీనికి వెళ్లేది స్పీకర్ కేబులే అయ్యుండాలి, గిటార్ కేబుల్ పెట్టారంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ వదులుకోవడమే.