1/72 స్పిట్‌ఫైర్ కాక్‌పిట్: చేత్తో చేయడమా, కొని అతికించడమా?

చిన్న స్కేల్ విమానాలు కట్టేవారి మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్‌లో లేని వివరాలను ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా చేసుకోవాలా, ఇత్తడి రేకులోనో రెసిన్‌లోనో తయారుగా వచ్చే సెట్లు కొనుక్కోవాలా? నా ఓటు ముందే చెప్పేస్తాను. 1/72లో, అంటే అసలు విమానానికి 72వ వంతు సైజులో, గీతలా కనిపించేదంతా చేత్తో చేయండి. మీటర్ల ప్యానెల్ కొనండి. గుండ్రటివి జేబు చూసుకుని కొనండి. బయటికి కనిపించని దాని జోలికి అసలు పోకండి.

ఒక విమానాన్ని ఎదురుగా పెట్టుకుంటే విషయం తేలిక. 1940లో ఇంగ్లండ్ దక్షిణాన, డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన 152 స్క్వాడ్రన్ దళపు స్పిట్‌ఫైర్ మార్క్ 1 (ఆ బ్రిటిష్ యుద్ధవిమానంలో మొదటి రకం) తీసుకుందాం. పక్కల మీద యు.ఎం. అక్షరాలు ఉండేది దీనికే. నిజాం ఆర్థిక సాయానికి గుర్తుగా ఈ దళం పేరులో హైదరాబాద్ చేరింది; దాని చిహ్నంలో ఉన్నది నిజాం దస్తార్. మనవాళ్లు కట్టడానికి ఇంతకంటే మంచి సాకు ఏం కావాలి?

ఏ సెట్టు కొనాలన్న ఆలోచనకు ముందు ఒక లెక్క వేయాలి. అసలు విమానం పై రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కిట్ గోడ మందమూ ఇంచుమించు అంతే. దాన్ని 72తో గుణించండి: ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. అది యుద్ధవిమానం కాదు, కోటగోడ! అందుకే కాక్‌పిట్ అంచులను లోపలివైపు నుంచి పలచన చేయడమే మొదటి పని. ముందు చిన్న ఆకురాయి, తర్వాత తడిపిన ఉప్పుకాగితం. మధ్య మధ్య దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. అంచు దగ్గర ప్లాస్టిక్‌లోంచి వెలుగు తెలియడం మొదలైతే ఆపేయవచ్చు. పైసా ఖర్చులేని ఈ పని ఇచ్చే ఫలితం ఖరీదైన సెట్లు కూడా ఇవ్వవు. పైగా రెసిన్ కాక్‌పిట్ కొన్నా ఈ అరగదీత తప్పదు, లేకపోతే అది లోపల పట్టదు.

ఇక సీటు బెల్టులు. ఇక్కడే ఇత్తడి సెట్టుకూ చేతిపనికీ అసలు పోటీ. 45 మి.మీ. వెడల్పున్న పట్టీ 1/72లో 0.6 మి.మీ. అవుతుంది. ఇత్తడి బెల్టు ఆ కొలతకు చక్కగా సరిపోతుంది కానీ, మంట మీద ఎర్రగా కాల్చి మెత్తబరిస్తే తప్ప సీటు మీద వాలదు, కర్రలా నిలబడుతుంది. ముందే రంగు వేసి వచ్చిన వాటిని కాల్చలేం. వంచితే పెచ్చులు లేస్తాయి. మాస్కింగ్ టేపును గాజు పలక మీద అంటించి, కొత్త బ్లేడుతో సన్నగా చీల్చి సీటు మీద వేయండి. గుడ్డ పట్టీ ఎలా వాలుతుందో అలాగే వాలుతుంది. బకిల్ స్థానంలో వెండిరంగు చుక్క చాలు. నా మటుకు 1/72లో టేపుదే గెలుపు. కాస్త పెద్దదైన 1/48 స్కేల్‌లో మాత్రం ఈ తీర్పు తలకిందులవుతుంది. ఆనాటి సటన్ రకం పైలట్ బెల్టులకు వరసగా కన్నాలుంటాయి. ఆ స్కేల్‌లో అవి కంటికి ఆనుతాయి, వాటిని ఇత్తడే చూపించగలదు.

మీటర్ల ప్యానెల్ దగ్గర చేతిపని పంతం వద్దు. స్పిట్‌ఫైర్ ప్యానెల్ నడిమధ్య ఆరు మీటర్ల సముదాయం ఉంటుంది. 80 మి.మీ. డయల్ ఈ స్కేల్‌లో 1.1 మి.మీ.; దాని మీద ముల్లు గీయబోతే కంటికి శిక్షే తప్ప ఫలితం లేదు. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే ముద్రిత బొమ్మ) వేసి, ఒక్కో డయల్ మీద మెరిసే వార్నిష్ చుక్క పెడితే అద్దంలా కనిపిస్తుంది. త్రీడీ ముద్రణ ప్యానెళ్లు ఇంకా బాగుంటాయి, కానీ చవక కిట్‌కు అవి కొంటే పిల్ల కంటే తాళిబొట్టు బరువవుతుంది.

పక్కగోడలు పూర్తిగా మన రాజ్యం. 0.25 మి.మీ. షీటులోంచి అర మిల్లీమీటరు వెడల్పు పట్టీలు కోసి, ఫొటో చూస్తూ పక్కటెముకల్లా నిలబెట్టడమే. షీటు దొరకలేదా? పెరుగు కప్పు అడుగున త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలిస్టైరీనే, కిట్ జిగురుకు చక్కగా కరిగి అతుకుతుంది. పాత చార్జర్ తీగ ఒలిస్తే వెంట్రుకంత రాగి పోగులు వస్తాయి, గొట్టాలకూ వైర్లకూ అవే. ఇత్తడి సెట్టులో ఇవే గొట్టాలు చదునుగా, అచ్చు వేసిన బొమ్మలా ఉంటాయి.

రెసిన్ బలం గుండ్రటి వాటిలో: చక్రాలు, ఎగ్జాస్టు గొట్టాలు, పలచని అంచుల సీటు. కిట్ జిగురు దానికి అంటదు, ఫెవిక్విక్ లాంటిది కావాలి. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కాబట్టి మాస్కు పెట్టుకుని తడిగానే అరగదీయాలి.

ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చే సరదా ఉన్నవారికి ఒక మాట. ఇదే 152 స్క్వాడ్రన్ తర్వాత బర్మాలో నల్ల చిరుత దూకుతున్న బొమ్మతో మార్క్ 8 నడిపింది. ఇంట్లో ఉన్న మార్క్ 9 కిట్‌ను దానిగా మార్చాలంటే తోకచక్రం లోపలికి ముడుచుకునేలా చేయాలి. ఎయిలెరాన్లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) పొట్టివి కాబట్టి పాత గీతలు పుట్టీతో పూడ్చి కొత్తవి చెక్కాలి. రెక్క అంచులో ఇంధనం ట్యాంకుల మూతలు వేరే. మార్క్ 8 కిట్ నేరుగా దొరుకుతున్నప్పుడు ఈ శ్రమ దండగ. మార్పిడి పని మార్కెట్‌లో కిట్టే లేని విమానానికి దాచుకోండి.

కొనకూడనివి రెండు. ఒకటి, ఇత్తడి తుపాకి గొట్టాలు. మన మార్క్ 1లో ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్ గన్‌లూ రెక్కలోపలే ఉంటాయి, రంధ్రాల మీద గుడ్డ ముక్కలు అంటించేవారు. రెండోది, దించిన ఫ్లాపుల (దిగేటప్పుడు రెక్క కింద తెరుచుకునే పలకల) సెట్టు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ స్పిట్‌ఫైర్ దిగగానే పైలట్ ఫ్లాపులు ఎత్తేయడం ఆనవాయితీ. నిలిపి ఉంచిన విమానానికి అవి వేలాడటం అరుదు. ఆ డబ్బుతో వేడి షీటును వ్యాక్యూమ్‌తో లాగి చేసిన పలచని హుడ్ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) కొనుక్కోండి. కిట్ హుడ్ మందం వల్ల తెరిచిపెట్టినా వెనక్కి సరిగ్గా జరగదు, మూస్తే లోపల చేసిన పనంతా మసకబారుతుంది.