40 పౌండ్ల తాలింపు, 6 పౌండ్ల క్యాసెట్

ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బస వెతుక్కునేటప్పుడు ప్రకటనలో ‘గార్డెన్ ఫ్లాట్’ అన్న మాట కనిపిస్తే ఇంకోటి చూసుకోండి. గార్డెన్ ఫ్లాట్ అంటే తోటలో ఇల్లు అనుకున్నాను. అది నేలమాళిగ. కింద చిన్న అక్షరాల్లో ‘లోయర్ గ్రౌండ్ ఫ్లోర్’ అని రాసే ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌కి కింద ఇంకేం ఉంటుందిలే అని నేనే పట్టించుకోలేదు. అండర్‌గ్రౌండ్ బ్యాండ్లు, అంటే గిటార్ల హోరుతో సాగే హెవీ మెటల్‌లో పెద్దగా పేరుకెక్కని బ్యాండ్ల కోసం వెళ్లి అండర్‌గ్రౌండ్‌లోనే కాపురం పెట్టానని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు. ఐదు రాత్రులకు 410 పౌండ్లు, శుభ్రం చేయడానికి 55, డిపాజిట్ 150. అప్పుడు, 2025 అక్టోబరులో, పౌండు దాదాపు 118 రూపాయలు. లెక్క మీరే వేసుకోండి, నాకు మళ్లీ వేసే ఓపిక లేదు.

అసలు ఎందుకు వెళ్లామో చెప్పాలి. నాది విశాఖ ఉక్కునగరం. 1999లో కాలేజీ స్నేహితుడొకడు మెటాలికా అనే అమెరికా మెటల్ బ్యాండు ఆల్బమ్ ‘గ్యారేజ్ ఇంక్’ని రెండు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చాడు. అందులో ఉన్నవి వాళ్లు సొంతంగా రాసుకున్న పాటలు కావు, వాళ్లకు నచ్చిన వేరే బ్యాండ్ల పాటలు. వాడు ఓపిగ్గా ఒక్కో పాట పక్కన అసలు బ్యాండ్ పేరు పెన్నుతో రాశాడు. డైమండ్ హెడ్ పేరు నాలుగుసార్లు ఉంది. బ్లిట్జ్‌క్రీగ్ అని ఇంకోటి. ఎవరు వీళ్లు? విశాఖలో అడగడానికి మనిషి లేడు. ఇంటర్నెట్ వచ్చాక ఒక్కో పేరు తీగలా పట్టుకుని లాగితే డొంకంతా కదిలింది. అన్నీ ఇంగ్లండులో మనం పేరు వినని చిన్న చిన్న ఊళ్లు: స్టౌర్‌బ్రిడ్జ్, వాల్‌సెండ్, విట్లీ బే, బార్న్స్‌లీ. 1979లో సౌండ్స్ అనే పత్రిక ఈ గుంపుకంతటికీ ‘న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్’ అని పేరు పెట్టింది. ఆ క్యాసెట్ అట్ట మీది చేతిరాతే నాకు మ్యాపు. ఇరవై ఆరేళ్లకు వెళ్లగలిగాను.

మా ఆవిడకు ఇళయరాజా తప్ప ఇంకొకరు పట్టరు. ఆమె వచ్చింది తమ్ముణ్ణి చూడటానికి. అతను కోవెంట్రీలో ఎమ్మెస్సీ. స్టూడెంట్ వీసా మీద, కాలేజీ నడిచే రోజుల్లో, వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు కాబట్టి మాతో తిరగడానికి టైమ్ దొరికింది. వీసా తలకు 127 పౌండ్లు, ఏ గొడవా లేకుండా వచ్చింది.

మొదటి రోజు బావమరిది ముచ్చటపడి ‘మెటల్ వాక్’ ఒకటి బుక్ చేశాడు, తలకు 20 పౌండ్లు. రెండు గంటలు. బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ మీద, మెటల్‌కు ఆద్యులనిపించుకున్న ఈ ఊరి బ్యాండు బ్లాక్ సబ్బాత్ పేరు పెట్టిన వంతెన, దాని మీద ఆ బ్యాండు నలుగురి ముఖాలున్న బెంచీ, తర్వాత న్యూ స్ట్రీట్ స్టేషన్లో వాళ్ల గాయకుడు ఆజీ పేరు పెట్టిన యంత్రపు ఎద్దు, చివర్లో స్టేషన్ స్ట్రీట్‌లో క్రౌన్ పబ్. సబ్బాత్ మొదట్లో వాయించిన చోటు అది. 2014లోనే మూసేశారు. అంటే 60 పౌండ్లిచ్చి మూసిన తలుపు చూసొచ్చాం. ఇవన్నీ నడిచిపోయేంత దగ్గర, చూడటానికి పైసా అక్కర్లేదు. గైడుగారు మాటిమాటికీ ఫోన్ చూసుకోవడం మాత్రం అదనం.

అయినా ఆ బెంచీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆజీ ఆస్బోర్న్ 2025 జులై 22న పోయాడు. అంతకు పదిహేడు రోజుల ముందే సొంతూళ్లో, విల్లా పార్కు స్టేడియంలో, ఆఖరిసారి పాడాడు. నేను వెళ్లేసరికి కూడా ఎవరో తాజా పూలు పెట్టి వెళ్లారు. నాకు మాత్రం ఆ నలుగురిలో గిటారిస్టు టోనీ అయోమీ ముఖం మీదే కన్ను. పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, ఉద్యోగం మానేసే చివరి రోజున, మిషన్లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోమే సబ్బు సీసా ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు తగ్గించాడు, శ్రుతి కిందికి దిగింది. ఇవాళ మెటల్ అంటే మనకు వినిపించే ఆ బరువులో సగం అక్కడి నుంచి వచ్చింది. మా నాన్న రోలింగ్ మిల్లులో పని చేశాడు. షిఫ్టు నుంచి వచ్చాక ఆయన చేతులు చూసినవాణ్ణి కాబట్టి ఇది నాకు కథలా అనిపించదు. “ఏవండీ, చలేస్తోంది” అని మా ఆవిడ పిలిస్తే గానీ కదల్లేదు.

మర్నాడు స్టౌర్‌బ్రిడ్జ్. డైమండ్ హెడ్ ఊరు. బర్మింగ్‌హామ్ నుంచి అరగంట రైలు, జంక్షన్లో దిగి ఇంకో రైలు మారాలి. ఈ రెండోది చూడాల్సిందే! బస్సంత ఒక్క పెట్టె, 1.3 కిలోమీటర్ల దారి, మూడు నిమిషాల ప్రయాణం. కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకునేలోపు దిగమన్నారు. ఊళ్లో బ్యాండుకు సంబంధించి చూడటానికి నాకేమీ దొరకలేదు. 1980లో ఏ కంపెనీ చేరదీయకపోతే తొలి ఆల్బమ్‌ని తెల్ల అట్టలో, పేరు కూడా లేకుండా సొంతంగా అచ్చేసి, ఒక్కో కాపీ మీద నలుగురిలో ఒకరు సంతకం పెట్టి అమ్ముకున్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి ఒక పదిహేడేళ్ల కుర్రాడు వాళ్లను వెతుక్కుంటూ వచ్చి, వాళ్లిళ్లలోనే మకాం వేసి, తిరిగెళ్లాక మెటాలికా పెట్టాడు. లార్స్ ఉల్రిక్. నేను చేసింది కూడా అదే ప్రయాణం, కాకపోతే నలభై నాలుగేళ్లు ఆలస్యంగా, మోకాళ్ల నొప్పులతో. ఆ ఊరు గాజు పనికి పేరున్నది. గాజు మ్యూజియం చూసి మా ఆవిడ హుషారైంది కాబట్టి ఆ రోజు గండం గడిచింది.

రాత్రికి హుషారు దిగిపోయింది. మూడు రోజులుగా బ్రెడ్డు, శాండ్‌విచ్. ఆమె బ్యాగులోంచి ఎండుమిర్చి, ఆవాలు తీసి పెరుగన్నంలోకి తాలింపు పెట్టింది. ఒక్క చెంచా ఆవాలు, ఒట్టు. ఆవాలు చిటపటలాడటం మొదలైందో లేదో స్మోక్ అలారం అందుకుంది. నేలమాళిగ కదా, ఉన్న ఒక్క కిటికీ నాలుగు వేళ్ల కంటే ఎక్కువ తెరుచుకోదు. బావమరిది కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతున్నాడు, మా ఆవిడ చెవులు మూసుకుంది, నేను తలుపు తెరిస్తే గుమ్మంలో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఓనర్. అప్పటిదాకా తాళం కోడు పంపడం తప్ప ముఖం చూపించని మనిషి, పై అంతస్తులోనే ఉంటాడట! వేడి నీళ్లు రావడం లేదని రెండు రోజుల్లో నాలుగు మెసేజీలు పెడితే ఉలుకూ పలుకూ లేదు, తాలింపు వాసనకు మాత్రం రెండు నిమిషాల్లో దిగాడు. ‘స్ట్రాంగ్ స్మెల్’ అని మూడుసార్లు అన్నాడు. తర్వాత డిపాజిట్లో ‘కుకింగ్ ఓడర్’ పేరుతో 40 పౌండ్లు కోసుకున్నాడు. గోడల మీద బూజు ఫొటోలు తీసి పంపాను. అది ‘ఓల్డ్ బిల్డింగ్ క్యారెక్టర్’ అట. నాలుగు వేల ఏడువందల రూపాయల తాలింపు మా వంశంలో ఎవరూ తినలేదు.

ఆ మర్నాడు ఆమె నాతో మాట్లాడలేదు. ఆమెను మళ్లీ మనిషిని చేసింది లేడీపూల్ రోడ్డు. బర్మింగ్‌హామ్‌కే సొంతమైన బాల్టీ అనే వంటకం ఉంది, 70ల్లో అక్కడి పాకిస్తానీలు మొదలుపెట్టారు. పలుచటి ఉక్కు గిన్నెలో పెద్ద మంట మీద వండి, అదే గిన్నె సలసల కాగుతుండగా బల్ల మీద పెడతారు. ప్లేటు ఇవ్వరు, నాన్ తుంచుకుని గిన్నెలోంచే తినాలి. మేకమాంసం బాల్టీ 12.50, ముగ్గురికీ సరిపోయిన పరుపంత నాన్ 5 పౌండ్లు. ముగ్గురం 44 పౌండ్లలో కడుపునిండా తిన్నాం. చెమట పట్టిందంటే చూసుకోండి, ఆ దేశంలో! మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడికి కాస్త దూరంలో, స్పార్క్‌హిల్‌లో, ఒకప్పుడు మెర్మెయిడ్ అనే పబ్ ఉండేది. 80ల మధ్యలో నేపామ్ డెత్ అనే కుర్రాళ్లు దాని మేడ మీద వాయించి గ్రైండ్‌కోర్ అనే మహా వేగపు మెటల్ రకాన్నే పుట్టించారు. 1987లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో ఒక పాట నిడివి 1.316 సెకన్లు, గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఇది చెప్తే మా ఆవిడ ఆ రోజు మొదటిసారి నోరు విప్పింది. “ఇకమీద ఇంట్లో వాళ్ల పాటలే పెట్టుకోండి.”

అదే రాత్రి బర్మింగ్‌హామ్‌లోనే డిగ్‌బెత్ అనే పేటలో నేను అసలు వెతుక్కుంటూ వచ్చింది దొరికింది. ఆన్‌లైన్లో కాదు. ఒక రికార్డుల షాపులో టాయ్‌లెట్ ఎక్కడని అడిగి వెళ్తే, ఆ గోడ మీద జిరాక్స్ పోస్టరు: మూడు బ్యాండ్లు, 7 పౌండ్లు, ఒక పబ్ మేడ గది. ముగ్గురికీ 21. చేతి మీద ముద్ర వేశారు. బార్ మీద సీసాలో చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు, జత పౌండు. తీసుకోండి, పొదుపు చేయకండి. గదిలో లెక్కపెట్టాను, వాయించేవాళ్లతో కలిపి 43 మంది. సగం మంది అరవై దాటిన మగవాళ్లు, ఒంటి మీద బ్యాండ్ల బ్యాడ్జీలు కుట్టుకున్న పాత జీన్స్ చొక్కాలు. మిగతా సగం మీసాలు కూడా సరిగా రాని పిల్లలు.

రెండో బ్యాండు మొదలుపెట్టిన అర నిమిషానికి నా ఒళ్లు గగుర్పొడిచింది. కొత్త కుర్రాళ్లే, కానీ ఆ రెండు గిటార్లు జంటగా పరుగెత్తే తీరు అచ్చంగా నా క్యాసెట్లోదే. మధ్యలో తీగ తెగింది. మూడో బ్యాండు వాడు తన గిటార్ ఇచ్చేశాడు. పాట ఆగలేదు.

దిగాక డ్రమ్మరే వచ్చి టీషర్టులు అమ్ముతున్నాడు, ఒక్కోటి 15. గోడౌన్లో పనట, పొద్దున ఐదింటికి షిఫ్టు. బ్లడ్‌స్టాక్ అనే మెటల్ సంగీతోత్సవం కోసం ఊరూరా పబ్బుల్లో ‘మెటల్ టు ద మాసెస్’ అని పోటీలు పెడతారు, గెలిచినవాళ్లకు ఆగస్టులో క్యాటన్ పార్కులో చిన్న స్టేజీ మీద అవకాశం. వీళ్లు సెమీ ఫైనల్లో ఓడిపోయారు. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే ఇండియా అన్నాను. “గాడ్‌లెస్!” అని అరిచాడు. మన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండు. నేను వాళ్ల ఒక్క షో కూడా చూడలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. సిగ్గేసింది.

ఈలోగా మా ఆవిడ ఏదని చూస్తే, టీషర్టుల బల్ల వెనక గిటార్ కుర్రాడి తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని స్వెట్టర్ అల్లుకుంటోంది, ప్రతి షోకీ వస్తుందట. ఇద్దరూ ఉన్ని గురించి ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. స్కూల్ యానివర్సరీకి పిల్లవాడి డాన్సు చూడటానికి వచ్చిన తల్లిలా ఉంది ఆవిడ. వచ్చేటప్పుడు మా ఆవిడే నాకు వాళ్ల క్యాసెట్ కొనిపెట్టింది, 6 పౌండ్లు. అవును, క్యాసెట్టే. ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు.

న్యూకాజిల్ ఒక్క రోజులో వెళ్లొచ్చాం, హాయిగా గడిచింది. 1979లో పక్కనే వాల్‌సెండ్‌లో పుట్టిన నీట్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ వెనమ్, రేవెన్ లాంటి బ్యాండ్లకు తొలి అవకాశాలిచ్చింది. మెటల్‌లో బ్లాక్ మెటల్ అనే రకం ఉంది, ఆ పేరు వెనమ్ 1982లో వేసిన ఆల్బమ్‌దే. రైలు టికెట్లకు మాత్రం గుండె చిక్కబట్టుకోవాలి. జంటగా వెళ్లేవాళ్లు ‘టూ టుగెదర్’ కార్డు 35 పౌండ్లు పెట్టి కొనండి, ఇద్దరి టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. మాకు ఆ ఒక్క రోజులోనే ఖర్చు తిరిగొచ్చేసింది. తిరుగు రైలు 47 నిమిషాలు లేటు. ఫోన్లోనే ఫారం నింపితే ఆ ప్రయాణం టికెట్లో సగం డబ్బు వారంలో ఖాతాలో పడింది. వేడి నీళ్లివ్వకుండా పూర్తి అద్దె తీసుకున్నవాడు ఇది చదివితే బాగుండు.

లండన్ రెండు రాత్రులు. హోటల్ బాగుంది. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండు తొలినాళ్లలో వాయించిన కార్ట్ అండ్ హార్సెస్ పబ్ చూశాం, మేరీల్యాండ్ స్టేషన్లో దిగితే పక్కనే. క్యామ్‌డెన్‌లో బ్యాండ్లు వాయించే అండర్‌వరల్డ్ అనే చోటు కూడా చూశాం, అదీ ఇంకో పబ్ కిందే. నిజమైన నేలమాళిగ, కానీ వాళ్లు దాన్ని తోట అనలేదు. టికెట్ 24 పౌండ్లు, జనం కిక్కిరిసి ఉన్నారు, శబ్దం అద్భుతం. కానీ నాకు డిగ్‌బెత్ మేడ గదే కావాలనిపించింది. టైమ్ తక్కువ ఉన్నవాళ్లు లండన్ వదిలేసి బర్మింగ్‌హామ్‌లో ఇంకో మూడు రాత్రులు ఉండండి, నేల పైన.

బావమరిది ఇప్పుడు బోల్ట్ త్రోయర్ వింటున్నాడు. తను రెండేళ్లుగా చదువుతున్న కోవెంట్రీలోనే ఆ బ్యాండు పుట్టిందని నేను చెప్పేదాకా తెలియదు. “బావా, ఇంత గోల ఇన్నాళ్లూ మా వీధిలోనే ఉందా” అంటాడు.

ఆ 40 పౌండ్ల మీద ఫిర్యాదు పెట్టి నాలుగు నెలలైంది, ‘పరిశీలనలో ఉంది’ అని వస్తోంది. ఇక క్యాసెట్. ఇంట్లో ప్లేయర్ లేదు. ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు నాన్న అటక మీద పడేసిన టేప్ రికార్డర్ దించితే బెల్టు సాగిపోయి ఉంది. విశాఖ డాబా గార్డెన్స్‌లో ఒక ముసలాయన ఇంకా ఇవి బాగుచేస్తున్నాడు. 250 అడిగాడు, 200కి ఒప్పుకున్నాడు. క్యాసెట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కాలంలో కొత్త క్యాసెట్ ఎక్కడిదని అడిగాడు. చెప్పాను. వేసి వినిపించమన్నాడు. బెల్టు రావాలి కదా, రేపు సాయంత్రం రమ్మన్నాడు.