రెండు గడులను కలిపి చూసే నియమాలు: జాడ్ లైబ్రరీపై నా సమీక్ష

వెబ్ ఫారంలో తప్పు ఒక్క గడికే పరిమితమైనప్పుడు దానిని పట్టుకోవడానికి పెద్ద సాధనాలేవీ అక్కర్లేదు. ఖాళీగా వదిలేశారా, ఈమెయిల్ రూపం కుదిరిందా, సంఖ్య హద్దు దాటిందా అన్నవి బ్రౌజరే చూసుకుంటుంది. ప్రతి గడీ విడిగా సరిగ్గానే ఉండి, రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రమే తప్పు బయటపడే చోట అసలు చిక్కు మొదలవుతుంది. ముగింపు తేదీ ప్రారంభ తేదీకి ముందుండటం, రెండోసారి కొట్టిన పాస్‌వర్డు మొదటిదానితో కలవకపోవడం, కనీస మొత్తం గరిష్ఠాన్ని మించిపోవడం ఇలాంటివే. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లోని రిక్వైర్డ్, మిన్, మాక్స్, ప్యాటర్న్ గుణాలు తమ గడిని తప్ప పక్క గడిని చూడవు. గడికి మన సొంత తప్పు సందేశం తగిలించే సెట్‌కస్టమ్‌వాలిడిటీతో మనమే జావాస్క్రిప్టు రాసుకోవచ్చు గానీ, తప్పు దిద్దిన తరువాత ఖాళీ స్ట్రింగుతో (అంటే ఖాళీ అక్షరపాఠంతో) ఆ సందేశాన్ని తొలగించడం మరిచిపోతే, అన్నీ సరిగ్గా నింపినా ఫారం ముందుకు కదలదు.

ఈ పనికి నేను కొన్నేళ్లుగా వాడుతున్నది కాలిన్ మెక్‌డానెల్ రూపొందించిన జాడ్. జావాస్క్రిప్టుకు విలువల రకాలను (టైపులను) జోడించే భాష టైప్‌స్క్రిప్టు. 2020లో వెలువడిన ఈ టైప్‌స్క్రిప్టు లైబ్రరీ నాలుగో వెర్షన్ 2025లో వచ్చింది. డేటా ఎలా ఉండాలో ఒక స్కీమాగా, అంటే నమూనాగా, ఒక్కసారి రాస్తే తనిఖీ, టైపు రెండూ దాని నుంచే వస్తాయి. గడుల మధ్య నియమాన్ని మొత్తం ఆబ్జెక్టు (గడులన్నీ కలిసిన డేటా) మీద రిఫైన్ అనే పద్ధతితో రాయాలి. అందులోని పాత్ అనే ఐచ్ఛికాన్ని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను. నియమం రెండు గడులకూ చెందినదైనా, సందేశం ఏ గడి కింద కనిపించాలో నిర్ణయించేది అదే. దానిని రాయకపోతే తప్పు మొత్తం ఫారానికి చెందినదిగా నమోదై, ఏ గడి పక్కనా కనిపించకుండా పోతుంది. ఒకే నియమం నుంచి అనేక తప్పులు వేర్వేరు గడులకు పంపాలంటే సూపర్‌రిఫైన్ ఉంది. ఎంచుకున్న చెల్లింపు పద్ధతిని బట్టి కావలసిన గడులు మారిపోయే ఫారాలకు ఒక గడి విలువను బట్టి వేరే స్కీమాను ఎంచుకునే డిస్క్రిమినేటెడ్ యూనియన్ మరింత శుభ్రమైన మార్గం.

అయితే ఈ నియమం ఎప్పుడు నడుస్తుందన్నది తెలియకుండా జాడ్‌ను వాడకూడదు. ఒక నమోదు ఫారంలో నిబంధనలకు అంగీకారం తెలిపే చెక్‌బాక్సును కచ్చితంగా ట్రూ కావాలని లిటరల్‌గా, అంటే ఆ ఒక్క విలువనే ఒప్పుకునేలా, రాశామనుకుందాం. వినియోగదారు దానిని టిక్ చేయడం మరిచిపోయి, రెండు పాస్‌వర్డులు కూడా వేర్వేరుగా కొట్టి సమర్పిస్తే, చెక్‌బాక్సు తప్పు మాత్రమే కనిపిస్తుంది. అది దిద్ది మళ్లీ నొక్కాకే పాస్‌వర్డుల సంగతి బయటపడుతుంది. లిటరల్ తప్పు ఉంటే గడుల తనిఖీ తరువాత జాడ్ ఆగిపోయి, మొత్తం ఆబ్జెక్టు మీద రాసిన రిఫైన్ అసలు నడవకపోవడమే ఇందుకు కారణం. తప్పులన్నీ ఒకేసారి చూపడం వినియోగదారుకు మనం ఇవ్వవలసిన కనీస మర్యాద కనుక, నాకు ఇది చిన్న విషయంగా తోచదు. నాలుగో వెర్షన్‌లో రిఫైన్‌కు వెన్ అనే ఐచ్ఛికం ఉంది. రెండు పాస్‌వర్డు గడులూ బాగుంటే చాలు, మిగతా ఫారం ఎలా ఉన్నా ఈ నియమాన్ని నడపమని దానితో చెప్పవచ్చు. పాత వెర్షన్ నుంచి మారడానికి నా దృష్టిలో ఇదొక్కటే చాలినంత కారణం.

విలువల రకం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇన్‌పుట్ గడి నుంచి వచ్చేది సంఖ్యలా కనిపించినా స్ట్రింగే. స్ట్రింగులుగా పోలిస్తే 9 అనేది 10 కంటే పెద్దదవుతుంది, ఎందుకంటే పోలిక మొదటి అక్షరంతోనే తేలిపోతుంది. డేట్ ఇన్‌పుట్ విలువ సంవత్సరం, నెల, రోజు వరుసలో సున్నాలతో సహా వస్తుంది కనుక తేదీలకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. సంఖ్యల కోసం, విలువను కోరిన రకానికి మార్చే జాడ్‌లోని కోయర్స్ వాడితే ఇంకొక గుంట ఎదురవుతుంది: ఖాళీ గడి సున్నాగా మారిపోతుంది. మా బృందం రాసిన ఒక వడపోత ఫారంలో కనీస మొత్తం నింపి గరిష్ఠాన్ని ఖాళీగా వదిలిన ప్రతి ఒక్కరికీ కనీస మొత్తం గరిష్ఠాన్ని మించిందన్న సందేశం వచ్చేది. ఆ తప్పు పూర్తిగా మాదే. ఖాళీ స్ట్రింగును ముందుగా అన్‌డిఫైన్డ్‌గా (విలువే లేనట్టుగా) మార్చి, రెండు విలువలూ ఉన్నప్పుడే పోల్చేలా దిద్దుకున్నాము.

రియాక్ట్‌లో ఫారాలను నడిపే లైబ్రరీ అయిన రియాక్ట్ హుక్ ఫారంతో జాడ్‌ను జతచేసేవారు మరొకటి గమనించాలి. ముగింపు తేదీ కింద తప్పు కనిపిస్తుండగా ప్రారంభ తేదీని దిద్దితే, స్కీమా మొత్తం మళ్లీ నడిచినా, మార్చిన గడి తప్పు మాత్రమే తాజా అవుతుంది. ముగింపు తేదీ కింద ఎర్రని వాక్యం అలాగే నిలిచిపోతుంది. ఆ లైబ్రరీలోని ట్రిగ్గర్ అనే ఫంక్షన్‌ను పిలిచి ఆ రెండో గడిని కూడా తనిఖీ చేయించాలి. ఇది జాడ్ లోపం కాదు, కానీ రెండింటినీ కలిపి వాడేవారు ఎక్కువ కనుక జాడ్‌ను ఎంచుకునే ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇవన్నీ తెలిసి కూడా నేను జాడ్‌నే కొనసాగిస్తున్నాను. బ్రౌజరులోని తనిఖీని ఎవరైనా దాటవేయగలరు కనుక ప్రతి నియమం సర్వరులోనూ ఉండి తీరాలి, జాడ్‌లో అదే స్కీమా రెండు చోట్లా పనిచేస్తుంది. తేదీల నియమాన్ని ఒక చోట మార్చి రెండో చోట మరిచిపోయే ప్రమాదం మా ప్రాజెక్టులో ఆ ఒక్క ఫైలుతో తొలగిపోయింది.