చప్పుడు చేయని ఎయిర్ పంపు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

చేపల తొట్టి నీటిలోకి గాలి ఊదే ఈ పంపును కొన్న కొత్తలో దాని నిశ్శబ్దాన్ని నేను కనిపించిన ప్రతివారి దగ్గరా మెచ్చుకున్నాను. ఉప్పునీటి చేపలను కొన్నాళ్లు విడిగా ఉంచి మందు వేయడానికి నేను పెట్టుకున్న క్వారంటైన్ తొట్టి విశాఖపట్నంలోని మా ఇంట్లో అమ్మ పడుకునే గదిలోనే ఉంది. చీమ చిటుక్కుమన్నా ఆమెకు మెలకువ వచ్చేస్తుంది. అంతకుముందు వాడిన చవక పంపు రాత్రంతా తుమ్మెదలా రొద పెట్టేది. దీనిని బిగించిన రోజు ప్లగ్గు పెట్టానో లేదో అని రెండుసార్లు వంగి చూసుకున్నాను. ఆ మెప్పును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, దానికి ఒక షరతు కలపక తప్పదు.

గత మే నెలలో ఆ 120 లీటర్ల తొట్టిలో పౌడర్ బ్లూ ట్యాంగ్ అనే నీలి రంగు చేప చిన్నది ఒకటి, దానితోపాటు వేరేచోట పెంపకంలో పుట్టిన రెండు క్లౌన్ చేపలు ఉన్నాయి. పరాన్నజీవులను చంపడానికి నీటిలో కలిపే రాగి మందు చీలేటెడ్ కాపర్‌ను రోజుకు కొంచెం చొప్పున పెంచుకుంటూ నాలుగో రోజు నాటికి 2 పీపీఎంకు (పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు) తెచ్చాను. ఐదో రోజు తెల్లవారుజామున చూస్తే ట్యాంగ్ నీటి అంచుకు చేరి ఎగశ్వాస పెడుతున్నది. ఫోనులో గడియారం పెట్టుకుని లెక్కిస్తే మొప్పలు నిమిషానికి 140 సార్లు ఆడుతున్నాయి. ముందురోజు సాయంత్రం అవి తొంభై దాటలేదు.

మొదటి అనుమానం వెల్వెట్ అనే జబ్బు మీదికి పోయింది, ఎందుకంటే దాన్ని తెచ్చే పరాన్నజీవి మొప్పల్లో చేరితే ఒంటి మీద పొడి కనిపించకముందే చేప ఇలా రొప్పుతుంది. తర్వాత కాపర్‌ను అనుమానించాను. మీటరు సరిగ్గా 2 చూపింది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా, దాని పరీక్షలో 0.25 పీపీఎం వచ్చింది. అమ్మోనియాను కట్టడి చేసే మందు సీసా చేతిలోకి తీసుకున్నాను కూడా. అటువంటి మందుల్లో చాలావాటిని కాపర్ ఉన్న నీటిలో కలిపితే కాపర్ మరింత విషపూరితమైన రూపంలోకి మారుతుందన్న సంగతి సమయానికి గుర్తుకు రావడం నా అదృష్టం.

దారి చూపినది క్లౌన్ చేపలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మూడు చేపలూ ఒకే తెల్లవారుజామున ఒకే తీరుగా పైకి చేరాయంటే తప్పు చేపల్లో కాక నీటిలో ఉండాలి. ప్లాస్టిక్ మగ్గుతో నీటిని ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోయడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు పోశాక ట్యాంగ్ ఊపిరి వందకు దిగింది, చేపలు నీటి మధ్యకు వచ్చాయి. మందు మారలేదు, అమ్మోనియా మారలేదు, కాబట్టి కరవైనది ప్రాణవాయువే.

అప్పుడు గాని పంపు వైపు చూడలేదు. పంపు గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్ నుంచి బుడగలు వస్తూనే ఉన్నాయి, అయితే ముక్కుతూ మూలుగుతూ వస్తున్నాయి. లీటరు సీసాను నీటితో నింపి తొట్టిలో బోర్లించి దాని కింద గొట్టం పెడితే, గాలితో నిండడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. పంపు మూత విప్పి చూస్తే, గాలిని నెట్టే రబ్బరు పొర డయాఫ్రమ్ అంచున వెంట్రుకంత చీలిక ఉంది. గాలిని సన్న బుడగలుగా చీల్చే రాయి ఎయిర్‌స్టోన్ రంధ్రాల్లో ఉప్పు పేరుకుని ఉంది. కొత్త డయాఫ్రమ్, కొత్త రాయి వేశాక అదే సీసా ముప్పై అయిదు సెకన్లలో నిండింది.

ఆ చీలిక చలికాలం నుంచే ఉండి ఉంటుందని నా అభిప్రాయం. సముద్రపు నీటిలో ప్రాణవాయువు మంచినీటిలో కంటే తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పట్టే ఆ నీరు 30 డిగ్రీలకు వచ్చేసరికి 6.2 మాత్రమే పట్టగలదు, అదే వేడికి చేప అవసరం పెరుగుతుంది, పైగా కాపర్ మొప్పలను ఎంతో కొంత రాపిడి పెడుతూనే ఉంటుంది. జనవరిలో సరిపోయిన అరకొర గాలి మే నెలలో చాలలేదు. చవక పంపు అయితే డయాఫ్రమ్ చిరిగిన రోజే గొంతు మార్చుకుని గోల చేసేది. ఇది మాత్రం బాగున్నప్పుడూ పాడైనప్పుడూ ఒకే మౌనం పాటించింది. నేను మెచ్చుకున్న గుణమే లోపాన్ని దాచింది.

ట్యాంగ్ బతికింది. చిన్న క్లౌన్ రెండో రోజు చనిపోయింది. దాని నెపం పంపు మీద వేయాలో, కాపర్ మీద వేయాలో నేటికీ తేల్చుకోలేకపోయాను.

పంపును పారేయలేదు. విడిభాగాలు దొరుకుతున్నాయి, వంద రూపాయలు కూడా కాలేదు. అయితే క్వారంటైన్ తొట్టిలో ఫిల్టర్‌కూ ఊపిరికీ దీనినొక్కదానినే నమ్ముకోవడం మానేశాను. నీటి పైభాగాన్ని కదిలించే తొట్టి అంచుకు తగిలించే చిన్న హ్యాంగ్‌ఆన్ ఫిల్టర్‌ను తోడు పెట్టాను, నెలకొకసారి సీసా పరీక్ష చేస్తున్నాను. పడకగదిలో తొట్టి పెట్టుకోవలసిన నాలాంటివారికి ఇది ఇప్పటికీ పనికివస్తుందనే అంటాను. వేరే గది ఉన్నవారైతే చప్పుడు చేసే పంపునే కొనుక్కోవచ్చు. కొత్త ఫిల్టర్ నీరు పడే శబ్దానికి అమ్మ వారం రోజులు హాల్లో పడుకున్నది, ఆ తర్వాత గదిలోకి వచ్చింది గాని, పొద్దున్నే లేచి నా వైపు చూసే చూపు మాత్రం ఇంకా మారలేదు.